మా పొలంలో లేని బండ

"మీ డ్రాయింగు మాస్టారు పోయారంటమ్మా."

ట్రాక్టరు సామాను కోసం నిన్న రాయచూరు వెళ్ళిన మా నాన్న ఇవాళ పొద్దున్న బస్సు దిగి, సంచి అరుగు మీద పెట్టి, ఇంకా చెప్పులు కూడా విప్పకుండా ఈ మాట అన్నారు. నాలుగు రోజులైందట. సామాన్ల కొట్టతను సారు వాళ్ళ వీధిలోనే ఉంటాడు, మాటల్లో చెప్పాడట. నేను అప్పుడు వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఏరుతూనే ఉన్నాను. కాసేపటికి మా అమ్మ వచ్చి చేట లాక్కుని, "రాళ్ళు ఇటేసి బియ్యం అటు పారేస్తున్నావే పిచ్చిదానా" అంది. అప్పుడు ఏడుపొచ్చింది.

నేను బొమ్మల కాలేజీలో ఆఖరి సంవత్సరం పరీక్షలు రాసి సెలవులకి వచ్చాను. పెన్సిలు పట్టుకోవడం నాకు నేర్పింది ఆ సారే. ఇలాంటివి రాసేటప్పుడు పోయినవాళ్ళ గొప్పలు రాస్తారని తెలుసు. సారుకి పెద్ద గొప్పలేం లేవు. తాలూకా హైస్కూల్లో డ్రాయింగు చెప్పి, రిటైరయ్యి, రాయచూరులో సొంతింట్లో పోయారు, అంతే. ఆయన నన్ను ఒకే ఒక్క బొమ్మ గీసిమ్మని అడిగారు. నేను ఇవ్వలేదు. ఇవ్వకపోగా ఒక మాట అన్నాను. ఆ సంగతి చెప్పుకోకపోతే నాకు అన్నం సయించేలా లేదు, అందుకని రాస్తున్నాను.

మాది కాలవ కింద క్యాంపు, అంటే వలస వచ్చినవాళ్ళ ఊరు. తుంగభద్ర నీళ్ళు వదిలిన కొత్తలో గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నవాళ్ళం. వచ్చేటప్పటికి నాకు నాలుగేళ్ళు. ఎనిమిదో క్లాసుకి తాలూకా హైస్కూల్లో వేశారు. బడి అంతా కన్నడం. మా క్యాంపు పిల్లలం ఏడుగురం ఆఖరి బల్లల మీద బిక్కమొహాలు వేసుకుని కూర్చునేవాళ్ళం. లెక్కల సారు ప్రశ్న అడిగితే మాకు ప్రశ్నే అర్థమయ్యేది కాదు, ఇంక జవాబెక్కడిది! వారానికి రెండుసార్లు డ్రాయింగు పీరియడు వస్తే మాత్రం ప్రాణం లేచొచ్చేది.

సారుది రాయచూరు. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్ళు. మాట మాత్రం మా తెలుగు కాదు. మధ్యలో ఉర్దూ, మధ్యలో కన్నడం పడుతుండేవి. సన్నటి మనిషి, తెల్ల పైజామా, నల్ల గొడుగు. ఎండకీ ఆ గొడుగే, వానకీ అదే, రెండూ లేకపోతే చేతికర్ర. మొదటి రోజు క్లాసులోకి రాగానే టేబులు మీద ఒక బిస్కట్ల డబ్బా పెట్టి మూత తీశారు.

"అందరు రబ్బర్లు తెచ్చి గిండ్ల ఎయ్యున్రి. జల్ది జల్ది."

ఎందుకో మాకు అర్థం కాలేదు. ఉన్నవాళ్ళం రబ్బర్లు తీసుకెళ్ళి డబ్బాలో వేశాం. నాది కొత్తది, ఇంకా సువాసన కూడా పోలేదు. ఎక్కడ మారిపోతుందోనని నేను కదలకుండా అక్కడే నిలబడ్డాను.

"ఏంది బిడ్డా, నా మీద నమ్మకం లేదా? గంట కొట్టినంక నీది నీకే ఇస్తగానీ. నా క్లాసుల రబ్బరు లేదు. చేతిల రబ్బరుంటే కన్ను సోమరిదైతది. ఎట్లయినా తుడుపుకోవచ్చు గదా అని సరిగ చూడదు."

"మరి తప్పుపోతే సార్?" అన్నాను. నోరు ఊరుకోదు కదా నాకు.

అప్పుడు చెప్పారు, తను బొమ్మలు ఎలా నేర్చుకున్నారో. "నేను గీసుడు నేర్చింది పలక మీద గాదు, బండ మీద. చిన్నప్పుడు మాకు జొన్నచేను ఉండె. మా అమ్మ కలుపు తీస్తుంటే, యాప చెట్టు కింద పెద్ద బండ మీద నన్ను కూసోబెట్టి సున్నపురాయి ముక్క చేతికిస్తుండె. పొద్దంత గీసుడే. బండ మీద రబ్బరు యాడిది? తప్పు పోతే పక్కకు జరిగి మల్ల గీస్తుంటి. తప్పు గీత ఉండనీ, అదేం కరవదు. దాన్ని చూసుకుంట దాని పక్కన మంచిది గియ్యి."

సారు మాకు బోర్డు మీద బొమ్మ గీసి చూపించేవారు కాదు. కుడిచెయ్యి వణికేది. పేరు రాస్తేనే అక్షరాలు అటొకటి ఇటొకటి పోయేవి. "నా చెయ్యి రిటైరయింది, నోరొక్కటి నౌకరి చేస్తున్నది" అని ఆయనే నవ్వేవారు. గొడుగు కొనతో మా కాయితం మీద, తగలకుండా, గాల్లో చూపించేవారు. ఎన్నిసార్లు చూపించినా ఒక్కసారి కూడా ఆ గొడుగు కాయితానికి తగలగా నేను చూడలేదు. అప్పుడు మాత్రం చెయ్యి వణికేది కాదేమో, లేకపోతే మేమే గమనించలేదేమో.

మొదటి ప్రాజెక్టు 'మీ ఇల్లు'. మా క్యాంపు ఏడుగురమూ ఏడు కాయితాలు తెచ్చి ఇచ్చాం. సారు వాటిని వరసగా బల్ల మీద పరిచి చాలాసేపు చూశారు. ఏడిట్లోనూ ఇల్లు, ఇంటి పక్కన కాలవ, కాలవ గట్టున కొబ్బరిచెట్లు. ఒక్కొక్కళ్ళం నాలుగు చొప్పున, కాయలతో సహా వేసేశాం.

"కొబ్బరి చెట్లు మీ క్యాంపుల ఎన్నున్నయ్?" అని నన్ను అడిగారు.

లెక్క పెట్టుకోవడానికేముంది. "ఒక్కటీ లేదు సార్."

"మరి ఎవరు చూపిచ్చిండ్రు నీకు?"

"మా అమ్మ చెప్పింది సార్. మా ఊళ్ళో ఉంటాయంట."

క్లాసంతా గొల్లుమంది. మా ఏడుగురికీ తల ఎత్తడానికి లేదు. నిజమే మరి, మా క్యాంపులో అప్పటికి ఉన్నవి నాలుగు తుమ్మచెట్లు, రెండు కరెంటు స్తంభాలు. రోజూ సాయంత్రం అమ్మావాళ్ళు కూర్చుని ఊరి కబుర్లు చెప్పుకుంటుంటే విని విని, అక్కడి చెట్లే మా ఇళ్ళ పక్కన మొలిచాయి. సారు నవ్వలేదు. నవ్వినవాళ్ళని కన్నడంలో కసిరి కూర్చోబెట్టారు.

"మంచిగనే గీసిన్రు. గానీ అమ్మ చెప్పింది అమ్మ గియ్యాలె. నువ్వు చూసింది నువ్వు గియ్యాలె. ఈ కాయితం తీస్కపోయి అమ్మకియ్యి. కొబ్బరి చెట్టు ఆమెతోని గీపిచ్చుకోని రా."

ఇంటికెళ్ళి చెబితే మా అమ్మ బుగ్గలు నొక్కుకుంది. "నన్ను గియ్యమన్నారా? ఆ మాస్టారికేవన్నా మతి పోయిందా?" అంది. పొయ్యి దగ్గర పని తెమిలాక మాత్రం పీట మీద కాయితం పెట్టుకుని కూర్చుంది. ముగ్గు పెట్టే చెయ్యి కదా, గీత తెగలేదు. కింద నుంచి పైదాకా ఒకే గీత, కొంచెం వంపుతో. మట్టలు వేస్తూ వేస్తూ ఆగి, "ఇది మా పెరట్లోది. పిడుగు పడి ఈ పక్క మట్టలు మాడిపోయాయి" అంది. ఆ పక్క ఖాళీగా వదిలేసింది. పెళ్ళయి వచ్చేశాక ఆ చెట్టుని ఎప్పుడు చూసిందో, మళ్ళీ ఎప్పుడు చూస్తుందో. ముక్కు చీదుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

సారు ఆ బొమ్మ చూసి "శాబాష్" అన్నారు. ఏడుగురు అమ్మల ఏడు చెట్లూ క్లాసు గోడకి అంటించారు. నా పక్క బల్ల శరణమ్మ, ఈ ఊరి పిల్లే, కొబ్బరిచెట్టు ఎప్పుడూ చూడలేదట. మా అమ్మ చెట్టు ముందు నిలబడి, మట్టలు ఒక పక్కే ఎందుకున్నాయని అడిగింది. పిడుగు సంగతి నా వచ్చీరాని కన్నడంలో చెప్పాను. బళ్ళో నేను కన్నడంలో చెప్పిన మొదటి కథ అదే.

ఆ తర్వాత మట్టి ప్రాజెక్టు. ఎవరి పొలం మట్టి వాళ్ళు తెచ్చుకుని దాంతో ఎద్దుని చెయ్యాలి. మాది నల్లరేగడి. మా అమ్మ పొయ్యి పూతకి పిసికినట్టే నీళ్ళు పోసి మెత్తగా పిసికి, కొమ్ములూ మూపురమూ తీర్చి, ఎంత మురిసిపోయానో! మర్నాడు ఎండకి ఎద్దు నడుము దగ్గర ఇంత వెడల్పున పగిలి రెండయింది. "ఒడెదు హోయ్తు!" అని, పగిలిపోయిందంటూ శరణమ్మ చప్పట్లు కొట్టింది. క్యాంపు పిల్లలందరి ఎద్దులూ అంతే. మా పెద్దవాళ్ళకి గోదావరి ఒండ్రుమట్టి అలవాటు, అదెలా పిసికినా మాట వింటుంది. ఇక్కడి రేగడికి ఏం కలపాలో వాళ్ళకీ తెలీదు, మాకూ తెలీదు. ఈ ఊరి పిల్లలవి కూడా కొన్ని పగిలాయనుకోండి, మావైతే ఒక్కటీ మిగల్లేదు.

నేను ఏడుస్తూ ముక్కలు తీసుకెళితే సారు వాటిని బల్ల మీద పెట్టి, "నల్లమట్టికి పొగరు ఎక్కువ బిడ్డా. ఊరికె నీళ్ళు పోస్తే లొంగదు. దాంట్ల ఏమన్న పట్టుకునేది కలపాలె. మీ క్యాంపుల వడ్ల మిల్లు ఉన్నది గదా? ఊక తే. అందరికి సరిపోయేటంత తే" అన్నారు. మేం ఏడుగురం రెండు గోనెసంచుల ఊక మోసుకొచ్చాం. ఈ ఊరి పిల్లలు గట్ల మీది మట్టి తెచ్చారు. అందరం కలిపి బడి వరండాలో కాళ్ళతో తొక్కాం. నేనూ శరణమ్మా చేతులు పట్టుకుని తొక్కుతుంటే జారి ఇద్దరం అందులోనే పడ్డాం. ఆ ఎద్దులు పగల్లేదు. అప్పట్నించి మమ్మల్ని ఆంధ్రోళ్ళు అని పిలవడం పోయిందని చెప్పను, కానీ పిలిచేటప్పుడు నవ్వేవాళ్ళు.

సారు హట్టిలో పనిచేసినప్పటి సంగతి కూడా అప్పుడే చెప్పారు. బంగారం గనిలో పనిచేసేవాళ్ళ పిల్లల్ని 'మీ నాయన పని' గియ్యమంటే, ఒకడు కాయితమంతా బొగ్గుతో రుద్ది మధ్యలో చిన్న చుక్క మాత్రం తెల్లగా వదిలి తెచ్చాడట. "అది దీపం. నూటికి నూరు ఇచ్చిన. హెడ్మాస్టరు వచ్చి ఇదేం తస్వీర్ అని నాతోని కొట్లాడిండు. గనిల దిగి చూసిరా పోన్రి సాబ్, అన్న." అంతకు మించి తన గురించి తాను గొప్ప చెప్పుకోగా నేను వినలేదు.

ఇంక అసలు సంగతికి వస్తాను. పదో క్లాసులో ఆఖరి ప్రాజెక్టు 'మీ పొలం'. గట్టు మీద కూర్చుని నేను చూసింది చూసినట్టే గీశాను. కొబ్బరిచెట్టు లేదు, ఏమీ లేదు. అద్దంలా చదునైన మళ్ళు, తిన్నటి గట్లు, దూరంగా తూము. పచ్చరంగు ఎక్కడా గీత దాటలేదు. నాకు నేనే భుజం తట్టుకున్నాను.

సారు ఆ కాయితం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. "ఏ పక్క పొలం బిడ్డా ఇది?" చెప్పాను. ఫలానా తూము, ఫలానా వాగు అని. ఆయన గొడుగు కొన గాల్లోకి లేచింది.

"ఇక్కడ తూర్పుకు వాలు ఉంటది గదా? ఇక్కడ బండ. బండను సుట్టి వాననీళ్ళు గిట్ల పోతయ్. బండ పక్కకు యాపచెట్టు. ఏది?"

"మా పొలంలో బండ లేదు సార్."

"లేదా?" అన్నారు. గొడుగు కిందికి దిగింది. "తీసేసిన్రేమో. మడికి చదును గావాలె గదా. బండ ఉంటే వరి ఎట్ల పండుతది? కరెక్టే."

ఆ సాయంత్రం నాన్నని అడిగాను. "ఉండేదమ్మా. ఏనుగంత బండ. మేం కొన్నప్పుడు అంతా ఏటవాలు జొన్నచేనే. చెట్టు కొట్టించి, రాళ్ళు కొట్టేవాళ్ళని పెట్టి బండ పగలగొట్టించి, చదును చేశాం. ఈ ఇంటి పునాదిలో ఉన్నదంతా ఆ బండే. ఇదిగో, మనం కాళ్ళు కడుక్కునే రాయి కూడా దాని పైపెచ్చే" అని గడప ముందున్న నున్నటి రాయి చూపించారు. ఎవరి దగ్గర కొన్నామని అడిగాను. "రాయచూరు వాళ్ళు. వ్యవహారమంతా పెద్దాయనే చూశాడు. తమ్ముడెవరో బడిపంతులంట, లింగసుగూరు అటేపు ఎక్కడో చేసేవాడు. కాయితాల మీద సంతకం పంపించాడుగానీ మనిషిని నేనెరగను" అన్నారు.

నేను కిందికి చూశాను. ఆ రాయి మీదే నిలబడి ఉన్నాను. సారు అమ్మ ఆయన్ని కూర్చోబెట్టిన బండ. సారు మొదటి పలక. మేం రోజూ దాని మీద పేడకాళ్ళు కడుక్కుంటున్నాం. నాన్నకి చెబుదామనుకుని చెప్పలేదు. చెబితే ఏమవుతుందో భయం. ఆంధ్రోళ్ళు వచ్చి భూములన్నీ తీసుకున్నారని బళ్ళో, బస్సులో వింటూనే ఉండేవాళ్ళం. సారు కూడా మనసులో అలాగే అనుకుంటున్నారేమో, అందుకే బండ ఏదీ అని అడిగారేమో అనిపించింది. సిగ్గుగా ఉంది. ఆ సిగ్గు నాలో ఎందుకో కోపమై కూర్చుంది.

వారం తర్వాత క్లాసు అయిపోయాక, అందరికీ రబ్బర్లు తిరిగిచ్చేసి, నన్ను ఆగమన్నారు.

"ఆ తస్వీర్ నాకొకటి మల్ల గీసిస్తవా బిడ్డా? బండ, యాపచెట్టు పెట్టి. యాడ ఏముండెనో నేను చెప్త, నువ్వు గియ్యి. నా చెయ్యి నా మాట వింటలేదు, లేకుంటె నేనే గీసుకుంటుంటి. నాకు జర పెట్టుకోవాలనున్నది."

ఎంత మెల్లగా అడిగారో! పదిహేనేళ్ళ పిల్లని, ఏదో తప్పు చేస్తున్నవాడిలా అడిగారు. నేనేమన్నానో తెలుసా?

"నువ్వు చూసిందే నువ్వు గియ్యాలన్నారు కదా సార్? నేను బండ చూళ్ళేదు."

ఆయన ఒక్క క్షణం నా మొహం చూశారు. తర్వాత నవ్వారు. "అవ్ గదా! నా మాట నాకే అప్పజెప్పినవ్. శాబాష్" అని నా బొమ్మ నాకిచ్చేశారు. దాని మీద మార్కులు ముందే వేసి ఉన్నాయి. క్లాసులో అందరికన్నా ఎక్కువ. డబ్బా మూత వేస్తుంటే చెయ్యి వణికి రెండుసార్లు పక్కకి పోయింది. నేను సాయం పట్టలేదు. బస్సెక్కాక నా చెంప నేను వాయించుకున్నంత పని చేశాను. తప్పయిపోయింది సార్, రండి గీద్దాం అని మర్నాడు వెళ్ళి చెబితే సరిపోయేది. ఆ మర్నాడు చెప్పలేదు, ఆ పై మర్నాడూ చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు.

అడగలేదు సరికదా, ఆ వేసవిలో గొడుగు వేసుకుని మా క్యాంపుకి వచ్చారు. నన్ను బొమ్మల కాలేజీకి పంపమని నాన్నకి చెప్పడానికి. ఆ ముందు రోజే వాన పడి వాకిలంతా బురద. "రాయి మీదకి రండి మాస్టారూ, బురదగా ఉంది" అని అమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. సారు చూసుకోకుండా ఒక కాలు రాయి మీద పెట్టి, కిందికి చూశారు. ఎంతసేపు చూశారో. కాలు వెనక్కి తీసుకున్నారు. వంగి ఆ రాయిని చేత్తో తాకి కళ్ళకద్దుకున్నారు. పుస్తకానికి కాలు తగిలితే మనం అద్దుకోమూ, అలాగ. ఆ తర్వాత పక్కన బురదలో నిలబడే కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చారు.

"చూశావా, గడపకి దణ్ణం పెట్టి వచ్చారు, ఎంత మర్యాదస్తులో" అని అమ్మ లోపల నా చెవిలో అంది.

నాన్న మొదట ఒప్పుకోలేదు. "ఆడపిల్లకి బొమ్మలేంటండి మాస్టారూ, ఊరు కాని ఊళ్ళో, అన్నేళ్ళు?" అన్నారు. సారు మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టి, "భూమిని మంచిగ చదును చేసుకున్నరు. చూస్తె కడుపు నిండింది. పిల్ల చేతిని చదును చెయ్యకున్రి సాబ్. దానికి ఎత్తుపల్లాలు ఉండనియ్యున్రి" అన్నారు. ఆ సంవత్సరం నేను కాలేజీకి వెళ్ళాను. ఆ చేతి కోసం ఆయన ఒకప్పుడు తనదైన పొలం దాటుకుని, తనది కాని ఇంటికి, మెట్టెక్కి వచ్చి బతిమాలారు. నేనేమో ఆ చేత్తో ఒక్క బొమ్మ గీసివ్వలేకపోయాను.

పోయిన దసరాకి రాయచూరులో వాళ్ళింటికి వెళ్ళాను. సంచిలో తెల్లకాయితం, పెన్సిలు పెట్టుకునే వెళ్ళాను. చెప్పండి సార్, బండ ఎక్కడ, చెట్టు ఎక్కడ అని అడగాలని దారంతా అనుకుంటూ వెళ్ళాను. ఆయన మంచం మీద కూర్చుని, హట్టి సంగతులు చెప్పి, శరణమ్మ పెళ్ళి సంగతి అడిగారు. నా వేళ్ళకి అంటుకున్న రంగు చూసి వాళ్ళావిడని పిలిచి చూపించారు. అంతలో బస్సు టైమయింది. మళ్ళీ వచ్చినప్పుడు అడుగుదాంలే అనుకున్నాను. మళ్ళీ వచ్చేసరికి అడగడానికి ఎవరూ లేరు.

ఇదంతా ఇవాళ మధ్యాహ్నం అమ్మకీ నాన్నకీ చెప్పేశాను. బండ ఎవరిదో, సారు గడపకి కాదు రాయికి దణ్ణం పెట్టారని, నేనన్న మాట, అన్నీ. తిడతారనుకున్నాను. నాన్న అన్నం కంచం ముందు నుంచి లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నారు. కాసేపటికి వచ్చి, "కాయితం ఉందా?" అన్నారు.

"ఎందుకు నాన్నా?"

"నువ్వు చూళ్ళేదు. నేను చూశాను కదా" అన్నారు.

నలభై ఎకరాల మళ్ళకి నీళ్ళు కట్టిన మనిషి పెన్సిలు పట్టుకోవడానికి చెమటలు పట్టించుకున్నారు. బండ గీశారు. తూర్పుకి వాలు గీశారు. చెట్టు గీస్తుంటే అమ్మ వెనక నుంచి, "అది కాదండీ, చెట్టు బండకి ఇవతల. మనం వచ్చిన రోజు నేను రాళ్ళపొయ్యి పెట్టింది ఆ నీడనే కదా" అంది. అలా గీస్తూ గీస్తూ నాన్న ఆగిపోయారు.

"ఆ రోజు ఒకాయన ఉన్నాడే. పొలం స్వాధీనం చేసుకున్న రోజు. బండ మీద గొడుగేసుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు."

"నేను మజ్జిగ ఇచ్చానుగా" అంది అమ్మ. "తాగి, గ్లాసు తనే కడిగిచ్చాడు. మంచి భూమమ్మా, పండుతది అన్నాడు."

"బస్సు కోసం ఆగిన మనిషేమో అనుకున్నాను" అన్నారు నాన్న. "దగ్గరికెళ్ళి ఎవరు బాబూ అని కూడా అడగలేదు. మొహమే చూళ్ళేదు."

ఆ గొడుగు ఎవరిదో ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.

నాన్న బండ మీద గొడుగు గీశారు. అది వంకరగా, బండ అంచు దాటి, కింద పడిపోయేలా వచ్చింది. "ఛ, పాడైపోయింది. రబ్బరియ్యమ్మా" అని చెయ్యి చాపారు.

"రబ్బరు లేదు నాన్నా. పక్కకి జరిగి మళ్ళీ గియ్యండి."

పక్కకి జరిగి ఇంకోటి గీశారు. ఈసారి బాగా వచ్చింది. గొడుగు, దాని కింద మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్న సన్నటి మనిషి. అమ్మ వంగి చూసి, "కూర్చుంది ఒక్కడే కదండీ? రెండు గొడుగులున్నట్టుంది" అంది.

నాన్న కాయితం మళ్ళీ దగ్గరికి లాక్కున్నారు. మొదటి గొడుగు కింద కూడా, మెల్లగా, ఒక మనిషిని గీశారు.

"ఉండనీ. అది నేను. ఆ రోజు నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చోవాల్సింది."

రేపు మొదటి బస్సుకి ముగ్గురం రాయచూరు వెళుతున్నాం, ఈ బొమ్మ సారు ఇంట్లో ఇవ్వడానికి. దాని మీద నేను ఒక్క గీత కూడా దిద్దలేదు. సాయంత్రం నాన్న ఎప్పటిలాగే నీళ్ళు తిప్పడానికి పొలం వెళ్ళి, మోకాళ్ళ దాకా బురదతో వచ్చారు. అమ్మ చెంబు అందించింది. నాన్న రాయి దాకా వచ్చి ఆగారు. దాని పక్కన, నేల మీద, బురదలో నిలబడి కాళ్ళు కడుక్కున్నారు.